మీ బిజినెస్‌కి క్లౌడ్ డిజాస్టర్ రికవరీ ఎట్టా ఎంచుకోవాలి (బెజవాడ, గుంటూరు వాళ్ల కోసం)

2024 సెప్టెంబర్ 1 తర్వాత నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇదే ప్రశ్న. "ఏవండీ, డిజాస్టర్ రికవరీకి అమెజాన్ మంచిదా మైక్రోసాఫ్ట్ మంచిదా, ఏదో ఒకటి చెప్పండి పెట్టేద్దాం." ఆ రోజు బుడమేరు నీళ్లు సింగ్ నగర్, పాయకాపురం వైపు వచ్చినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న సర్వరు, దాని కింద యూపీఎస్, పక్క బీరువాలో జాగ్రత్తగా దాచిన బ్యాకప్ హార్డ్ డిస్క్ అన్నీ కలిసే మునిగాయి. బ్యాకప్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నోళ్లే ఎక్కువ దెబ్బ తిన్నారు.

అమెజానా మైక్రోసాఫ్టా అనేది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న అండి. దానికి ముందు మీ దగ్గరే తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి, అవి తేలితే పేరు దానంతట అదే తేలుద్ది. ఫోన్లో ఒక్కొక్కళ్లకీ అరగంట చెప్పేదంతా ఇక్కడ రాసేస్తున్నా.

ఒక్క మాట మాత్రం ముందే క్లియర్ చేసుకుందాం. బ్యాకప్ వేరు, డీఆర్ (డిజాస్టర్ రికవరీ) వేరు. బ్యాకప్ అంటే ఖాతా పుస్తకం జిరాక్స్ తీసి దాచుకోవడం. డీఆర్ అంటే షాపు మునిగిపోయినా సాయంత్రానికల్లా ఇంకో చోట షట్టర్ ఎత్తి బిల్లు కొట్టడం. జిరాక్స్ ఉన్నంత మాత్రాన షట్టర్ లేవదు కదా.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- మీ సర్వర్ల లిస్టు. ఏ విండోసు, ఏ వెర్షను రాయండి. డిస్క్ సైజు ఎంత అని కాదు, దాంట్లో నిజంగా నిండింది ఎంతో రాయండి.
- రోజుకి ఎంత డేటా మారుతుందో ఒక వారం లెక్క.
- ఇంటర్నెట్ అప్‌లోడ్ స్పీడు. స్పీడ్ టెస్టులో అందరూ డౌన్‌లోడ్ చూసి మురిసిపోతారు, ఇక్కడ కావాల్సింది రెండో అంకె.
- సాఫ్ట్‌వేర్ల లైసెన్సులు ఎట్టా ఉన్నాయో. యూఎస్‌బీ డాంగిల్ (పెన్ డ్రైవ్‌లా గుచ్చే లైసెన్సు తాళం) మీద నడిచేది ఏమైనా ఉంటే దాని పక్కన ఎర్ర ఇంకుతో గీత గీయండి.
- అడ్మిన్ పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉన్నాయి, ఓటీపీ ఏ ఫోనుకి వస్తది.
- ఒక ఆదివారం. సగం రోజు ఖాళీగా, కౌంటర్లో కూర్చునే మనిషితో సహా.

ఆఖరిది ఎందుకు అని అడుగుతారు, కింద చెప్తా.

1. రెండు అంకెలు తేల్చండి

ఎంతసేపు ఆగగలరు? ఎంత డేటా పోతే తట్టుకోగలరు? మొదటిదాన్ని ఆర్‌టీఓ అంటారు (రవాణా ఆఫీసు కాదు లెండి), రెండోదాన్ని ఆర్‌పీఓ అంటారు. వెండర్లు మీ ముందు ఈ రెండు మాటలూ తెగ వాడతారు కాబట్టి గుర్తుపెట్టుకోండి.

ఇది ఓనరు గార్ని అడగొద్దు. ఆయన్ని అడిగితే "ఒక్క నిమిషం కూడా ఆగకూడదు" అంటాడు, తర్వాత కొటేషన్ చూసి "మరీ అంత అవసరమా" అంటాడు. కౌంటర్లో ఉన్న మనిషిని అడగండి, "సిస్టం పడిపోతే ఏం చేస్తావమ్మా?" అని. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపాయన బిల్లు బుక్కు మీద ఒక రోజు లాగించేస్తాడు, మర్నాడు ఎక్కించుకుంటాడు. గుంటూరులో మిర్చి కమిషన్ షాపులో సీజన్లో అయితే సాయంత్రానికి రైతుకి పట్టీ ఇవ్వాల్సిందే, వచ్చినోడు ఊరు వెళ్లాలి, ఆగడు. అదే షాపు సీజన్ అయిపోయాక రెండు రోజులు మూసినా అడిగేవాడు ఉండడు. నర్సింగ్ హోంలో ఫార్మసీ బిల్లింగ్‌కి రాత్రీ పగలూ తేడా లేదు. అంటే మీ అంకె పీక్ సీజన్లో రద్దీ రోజుని చూసి రాయాలి, మామూలు రోజుని చూసి కాదు.

వచ్చిన అంకెని బట్టి:

- ఒక రోజు ఆగగలిగితే మీకు డీఆర్ సర్వీసు అక్కర్లేదు. మంచి క్లౌడ్ బ్యాకప్ చాలు, ఆ డబ్బులు మిగుల్చుకోండి.
- నాలుగైదు గంటలు అంటే, క్లౌడ్‌లో బ్యాకప్ పెట్టుకుని, అవసరమైనప్పుడు అక్కడే ఒక మెషిన్ లేపి రీస్టోర్ చేసే పద్ధతి.
- గంట లోపు అంటే అప్పుడు రెప్లికేషన్ సర్వీసు, అంటే మీ సర్వర్‌ని ఎప్పటికప్పుడు క్లౌడ్‌లోకి కాపీ చేస్తానే ఉండేది. అమెజాన్‌లో ఎలాస్టిక్ డిజాస్టర్ రికవరీ, మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌లో సైట్ రికవరీ, లేదా వీటిని పెట్టి నడిపే లోకల్ వెండర్.

2. అన్నిటినీ కాపాడాలనుకోవద్దు

ఒక్కో సర్వర్‌కి నెల నెలా డబ్బులు. బిల్లింగ్ డేటాబేస్, ఖాతాలు, వీటికే డీఆర్. సీసీటీవీ రికార్డింగులు, పాత స్కాన్ ఫైళ్లు, ఎప్పుడో 2016 నాటి సర్వరు "ఉండనివ్వండి పడి ఉంటది" అని వదిలేసింది, వీటిని బయటపెట్టండి. మూడు సర్వర్లు ఉన్నచోట నిజంగా డీఆర్ కావాల్సింది ఒకటే అవ్వడం నేను చాలాసార్లు చూశా.

3. రెప్లికేషన్ ఉంది కదా అని బ్యాకప్ తీసెయ్యొద్దు

పెద్ద తప్పు ఇక్కడే జరుగుద్ది. రెప్లికేషన్ అంటే ఇక్కడ జరిగింది జరిగినట్టు అక్కడ దించెయ్యడం. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే దొంగ ప్రోగ్రాం) పడి ఫైళ్లన్నీ తాళం పడితే, ఆ తాళం పడిన ఫైళ్లే కాసేపట్లో అక్కడికీ వెళ్లిపోతాయి. అందుకే వెనక్కి ఎన్ని రోజులకి వెళ్లగలమో అడగాలి. అమెజాన్ దాంట్లో సెట్టింగ్ మార్చకపోతే గత గంటకి పది నిమిషాలకొకటి, గత 24 గంటలకి గంటకొకటి, గత 7 రోజులకి రోజుకొకటి పాయింట్లు (వెనక్కి వెళ్లగలిగే కాపీలు) ఉంటాయి, రోజులు పెంచుకోవచ్చు. అజ్యూర్ సైట్ రికవరీలో 15 రోజుల వరకే. ఆ దొంగ ప్రోగ్రాం మీ సిస్టంలో నెల రోజులు సైలెంట్‌గా కూర్చుని తర్వాత పేలితే ఈ పాయింట్లన్నిట్లోనూ అది ఉంటది. కాబట్టి పక్కన విడిగా, కొన్ని నెలల వెనక్కి వెళ్లేలా, ఎవరూ చెరపలేనట్టు లాక్ చేసిన బ్యాకప్ ఒకటి తప్పనిసరి.

ఇంకో రకం ఉన్నారు, టాలీ ఫోల్డర్‌ని గూగుల్ డ్రైవ్‌కి సింక్ పెట్టేసి "మాది క్లౌడ్‌లోనే ఉందండి" అంటారు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్, ట్రాష్‌లో 30 రోజులు ఉండి పోద్ది. పైగా టాలీ తెరిచి ఉండగా ఫైళ్లు సగం సగం సింక్ అయితే ఆ డేటా తెరుచుకుంటుందో లేదో కూడా నమ్మకం లేదు. టాలీలోనే బ్యాకప్ ఆప్షన్ ఉంది, దాంతో తీసిన ఫైలుని పైకి పంపండి.

4. కాపీ ఏ ఊళ్లో ఉండాలి

బెజవాడ ఆఫీసుకి గుంటూరు బ్రాంచిలో కాపీ పెట్టాం అంటారు కొందరు. లేనిదాని కంటే నయమే కానీ రెండు ఊళ్ల మీదా పడేది ఒకటే వాన.

మన దేశంలో అమెజాన్‌కి ముంబైలో, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లో రీజియన్లు (డేటా సెంటర్లు ఉన్న చోట్లు) ఉన్నాయి. అజ్యూర్‌కి పుణె, చెన్నై, ముంబై. గూగుల్‌కి ముంబై, ఢిల్లీ. మన వైపు నుంచి హైదరాబాద్ దగ్గర కాబట్టి స్పందన బావుంటది, కృష్ణా నదికీ సముద్రానికీ దూరం. చెన్నై గురించి ఒక్క మాట: 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను ముందు చెన్నైని ముంచి, 5వ తారీకున బాపట్ల దగ్గర తీరం దాటింది. పెద్ద డేటా సెంటర్లు వానకి ఊరికే పడిపోవు, నిజమే, అయినా మనకొచ్చే తుపానే వెళ్లే ఊళ్లో కాపీ పెట్టడం ఎందుకు, పుణె ఉండగా.

రేటు తక్కువని విదేశీ రీజియన్‌కి మాత్రం పోవద్దు. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే, ఖాతా పుస్తకాల బ్యాకప్ రోజూ ఇండియాలో ఉన్న సర్వర్‌లో ఉండాలని కంపెనీల అకౌంట్స్ రూల్స్‌లో 2022 ఆగస్టులో మార్చారు. మీ ఆడిటర్‌ని ఒకసారి అడగండి.

5. మీ లైను సరిపోద్దా, లెక్క వెయ్యండి

500 జీబీ డేటా, 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్. మొత్తం లైను దానికే ఇచ్చేసినా మొదటి కాపీ వెళ్లడానికి 55 గంటలు పైన. నిజంలో మీ వాళ్లు పగలు వాడుకుంటారు, లైను మధ్యలో పోద్ది, కాబట్టి నాలుగు రోజులు వేసుకోండి. అది పర్లేదు, ఒక్కసారే. తర్వాత రోజూ మారేది 10 జీబీ అయితే ఇదే లైను మీద గంటకి కొంచెం పైన పడుద్ది, హాయిగా సరిపోద్ది.

చాలామందికి తెలియని కిటుకు ఒకటి. ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్) వాడే చోట రాత్రి పూట ఫుల్ బ్యాకప్ ఫైలు అదే డిస్క్ మీద పడేలా పెట్టి ఉంటారు. డేటా మారింది 3 జీబీ, కానీ 80 జీబీ బ్యాకప్ ఫైలు కొత్తగా పుట్టింది, రెప్లికేషన్ దాన్ని కూడా మోస్తది, తెల్లారేసరికి లైను జామ్, "మీ క్లౌడ్ స్లో అండి" అని నాకు ఫోను. ఆ బ్యాకప్‌ని వేరే డిస్క్ మీదకి మార్చి, ఆ డిస్క్‌ని రెప్లికేషన్ నుంచి తీసెయ్యండి.

అమెజాన్ సర్వీసు అయితే టీసీపీ 443తో పాటు 1500 పోర్టు కూడా బయటికి తెరిచి ఉండాలి. ఏజెంట్ (మీ సర్వర్‌లో వేసే వాళ్ల చిన్న ప్రోగ్రాం) ఇన్‌స్టాల్ అయ్యి రెప్లికేషన్ మాత్రం మొదలవ్వకపోతే ముందు ఫైర్‌వాల్‌లో ఇదే చూడండి.

6. రేటు చూసేటప్పుడు

పైకి కనపడే రేటు ఇట్టా ఉంటది: అజ్యూర్ సైట్ రికవరీ ఒక్కో మెషిన్‌కి నెలకి 25 డాలర్లు, మొదటి 31 రోజులు ఆ ఫీజు లేదు. అమెజాన్‌ది గంటకి 0.028 డాలర్లు, అంటే నెలకి 20 డాలర్ల చిల్లర. ఇది చూసి "ఇంతేనా" అనుకోవద్దు. కాపీ కూర్చునే డిస్కులు, స్నాప్‌షాట్లు, అమెజాన్‌లో అయితే కాపీని అందుకునే చిన్న మెషిన్లు, ఇవన్నీ విడి బిల్లు. నిజంగా ఆపద వచ్చి అక్కడ సర్వర్ నడిపిన రోజులకి ఆ సర్వర్ అద్దె వేరు. మళ్లీ ఇక్కడికి డేటా తెచ్చుకునేటప్పుడు జీబీల లెక్కన వేరు. దాని మీద 18 శాతం జీఎస్టీ, మీ జీఎస్టీ నంబరు అకౌంట్‌లో ఎక్కించుకుంటే క్రెడిట్ తీసుకోవచ్చు, చాలామంది ఎక్కించరు. రేట్లు మారుతుంటాయి కాబట్టి సంతకం పెట్టే రోజు వాళ్ల కాలిక్యులేటర్‌లో మళ్లీ వేసుకోండి.

చవకని చెప్పి బ్యాకప్‌ని డీప్ ఆర్కైవ్ లాంటి చోట పడేస్తారు. అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లోంచి మామూలుగా బయటికి తియ్యాలంటే 12 గంటల దాకా, తక్కువ రేటు పద్ధతిలో 48 గంటల దాకా పడుద్ది. పదేళ్ల పాత ఇన్వాయిసులు దాచడానికి బంగారం లాంటిది. సాయంత్రానికి షట్టర్ ఎత్తాలనుకునే వాళ్లకి మాత్రం పనికిరాదు.

లోకల్ వెండర్‌తో వెళ్లే వాళ్లు ఈ ప్రశ్నలు అడగండి, జవాబులు వాట్సాప్‌లో కాదు, మెయిల్‌లో తీసుకోండి. డేటా ఏ కంపెనీ ఏ రీజియన్‌లో ఉంటది? అకౌంట్ నా పేరు మీదా మీ పేరు మీదా? మిమ్మల్ని మానేస్తే డేటా ఎన్నాళ్లలో, ఏ రూపంలో ఇస్తారు? ఏడాదికి ఎన్ని డ్రిల్లులు (ఆపద వచ్చినట్టు ముందే చేసి చూసే రిహార్సల్స్) ఈ రేటులోనే చేసి చూపిస్తారు? ఆదివారం రాత్రి పదింటికి ఎవరు ఫోన్ ఎత్తుతారు, పేరు చెప్పండి? డ్రిల్లు ప్రశ్నకి తడబడ్డ వాళ్లని అక్కడే వదిలెయ్యండి, ఇది నా పక్కా అభిప్రాయం. "99.9 శాతం గ్యారంటీ" అని బ్రోచర్‌లో ఉంటే, అది తప్పితే వాళ్లేమిస్తారో చదవండి, మామూలుగా వచ్చేది తర్వాత బిల్లులో కొంత తగ్గింపు మాత్రమే. మీ పోయిన వ్యాపారానికి ఎవరూ డబ్బు కట్టరు.

7. తాళాలు ఎవరి దగ్గర

2024 మేలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పెద్ద పెన్షన్ ఫండ్‌కి గూగుల్ క్లౌడ్‌లో నడుస్తున్న ప్రైవేట్ క్లౌడ్ ఒకటి, రెండు జోన్లలో ఉన్నదానితో సహా, సెట్టింగ్ పొరపాటు వల్ల డిలీట్ అయిపోయింది. విడిగా బ్యాకప్‌లు ఉండబట్టి తేరుకున్నారు. అంత పెద్దవాళ్లకే అయింది కాబట్టి రెండో కాపీ వేరే అకౌంట్‌లో, వీలైతే వేరే కంపెనీలో, వేరే పాస్‌వర్డుతో ఉండాలి.

మన దగ్గర జరిగేది ఇంకా చిన్నది, ఇంకా బాధ. గవర్నర్‌పేటలో ఒక ఆఫీసుకి వెళ్లా, క్లౌడ్ అకౌంట్ తెరవాలంటే మెయిన్ లాగిన్ రెండేళ్ల క్రితం మానేసిన అకౌంటెంట్ సొంత జీమెయిల్ మీద ఉంది, ఓటీపీ అతని పాత నంబరుకి, అతనేమో దుబాయ్‌లో. బిల్లు మాత్రం నెల నెలా వీళ్ల కార్డులోంచి పోతానే ఉంది! అతన్ని పట్టుకుని, టైమ్ కుదిరి, ఓటీపీ చెప్పించుకునేసరికి తొమ్మిది రోజులు. వరద రోజున తొమ్మిది రోజులు ఎక్కడ తెస్తాం. మెయిన్ లాగిన్ కంపెనీ మెయిల్ మీద పెట్టండి, ఓటీపీ ఇద్దరి దగ్గర ఉండేలా చెయ్యండి, రికవరీ కోడ్లు ప్రింట్ తీసి ఓనరు ఇంట్లో పెట్టండి. ఆఫీసు సర్వర్‌లో ఎక్సెల్ షీట్‌లో రాసుకోవద్దు, మునిగేది అదే కదా.

8. ఆదివారం డ్రిల్లు

ఇది చెయ్యకుండా ఏడాది ప్లాన్‌కి డబ్బు కట్టొద్దు. అజ్యూర్‌లో టెస్ట్ ఫెయిలోవర్, అమెజాన్‌లో డ్రిల్ అని ఉంటది, నడుస్తున్న రెప్లికేషన్ ఆగదు. ఒకటే జాగ్రత్త, డ్రిల్ మెషిన్‌ని విడి నెట్‌వర్క్‌లో లేపండి, లేకపోతే రెండు సర్వర్లు ఒకే పేరుతో బిల్లులు కొట్టే గందరగోళం.

గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర చేసిన మొదటి డ్రిల్లు చెప్తా. పొద్దున పదింటికి బటన్ నొక్కాం, ఇరవై నిమిషాల్లో హైదరాబాద్ రీజియన్‌లో సర్వరు లేచింది, డేటాబేస్ తెరుచుకుంది, సేటు గారు సంబరపడి పునుగులు తెప్పించారు. అప్పుడు కౌంటర్లో కుర్రాణ్ణి "ఒక పట్టీ కొట్టు తమ్ముడూ" అన్నా. సర్వర్ దొరకలేదు అని ఎర్ర బాక్స్ వచ్చింది. ఆరు కంప్యూటర్లలోనూ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లో 192.168.1.10 అని పాత సర్వరు అడ్రస్సే కొట్టి ఉంది. వీపీఎన్ పెట్టి, అన్నిట్లో మార్చేసరికి ఒంటిగంట. సరే ఇప్పుడు కొట్టు అంటే పట్టీ స్క్రీన్ మీద వచ్చింది, ప్రింటు రాలేదు. ఎందుకంటే ఆ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు వైరు పాత సర్వర్‌కే గుచ్చి ఉంది, అక్కణ్ణుంచే అందరికీ షేర్ అయ్యి ఉంది! సర్వరు పోతే ప్రింటరూ పోయినట్టే. పునుగులు చల్లారిపోయాయి గానీ, ఇరవై నిమిషాలు అనుకున్న రికవరీ నిజానికి నాలుగు గంటలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు అడ్రస్‌కి బదులు పేరు పెట్టాం, ప్రింటర్ని కౌంటర్ కంప్యూటర్‌కి మార్చాం. రెండో డ్రిల్లు నలభై నిమిషాల్లో అయింది.

డ్రిల్లులో ఇవి చూడండి:

- గడియారం పెట్టుకోండి. బటన్ నొక్కిన టైమ్ నుంచి సర్వరు లేచిన టైమ్ దాకా కాదు, మొదటి బిల్లు ప్రింటు చేతికొచ్చిన టైమ్ దాకా.
- ఆఖరి బిల్లు నంబరు ఎంత? పాత సర్వర్‌లో డ్రిల్ మొదలెట్టినప్పుడు ఉన్న నంబరుతో పోల్చండి. ఎన్ని తగ్గాయో అదే మీ అసలు ఆర్‌పీఓ.
- నిన్నటి సేల్స్ మొత్తం, ఒక పార్టీ బ్యాలెన్సు, స్టాకులో ఒక ఐటం, రెండు చోట్లా ఒకటేనా? సర్వరు ఆన్ అవ్వడం వేరు, లోపల లెక్క సరిగ్గా ఉండటం వేరు.
- లైసెన్సు. టాలీ లైసెన్సు మెషిన్‌కి ముడిపడి ఉంటది, కొత్త మెషిన్‌లో మళ్లీ యాక్టివేట్ చెయ్యాలి, దానికి కావాల్సిన లాగిన్ ఎవరి దగ్గరుందో ముందే చూసుకోండి. డాంగిల్ అయితే క్లౌడ్‌లో గుచ్చే చోటే లేదు, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీతో ఇప్పుడే మాట్లాడండి.
- ఈ-ఇన్వాయిస్, ఈ-వే బిల్లు సాఫ్ట్‌వేర్‌లోంచే పంపే వాళ్లు, మీ ఐపీ వైట్‌లిస్ట్ చేయించుకుని ఉంటే కొత్త చోట ఐపీ మారుద్ది. డ్రిల్లులో నిజం ఇన్వాయిస్ పంపకండి మళ్లీ, కనెక్షన్ వరకు చూడండి చాలు.
- కరెంటు, ఇంటర్నెట్ లేకుండా ఒకసారి. ఆఫీసు లైను తీసేసి ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్‌తో క్లౌడ్ సర్వర్‌కి వెళ్లగలరా? నిజం వరదలో ఉండేది అదే.

వెనక్కి రావడం కూడా రాసుకోండి. నాలుగు రోజులు క్లౌడ్‌లో బిల్లులు కొట్టారు, ఇప్పుడు కొత్త సర్వరు కొన్నారు, ఆ నాలుగు రోజుల డేటా ఇక్కడికి ఎట్టా వస్తది? వెండర్లు వెళ్లడం గురించి ఉత్సాహంగా చెప్తారు, తిరిగి రావడం గురించి అడిగితేనే చెప్తారు.

9. పెట్టేశాక

సోమవారం సోమవారం ఒకళ్లు లాగిన్ అయ్యి రెప్లికేషన్ ఎంత వెనకబడి ఉందో చూడాలి. అలర్ట్ మెయిల్స్ వస్తాయి కదా అంటారు, అవి స్పామ్‌లో పడి మూడు నెలలు ఎవరూ చూడని చోటు నాకు తెలుసు. ఏజెంటు ఎప్పుడో ఆగిపోయింది, బిల్లు మాత్రం ఆగలా. ఆ మనిషి పేరు గోడ మీద రాసి పెట్టండి, అతను సెలవు పెడితే ఎవరో కూడా.

డ్రిల్లు ఏడాదికి రెండుసార్లు. మిర్చి వాళ్లయితే సీజన్ మొదలవ్వక ముందు జనవరిలో ఒకటి, మిగతావాళ్లకి వానలకి ముందు మే ఆఖర్లో ఒకటి తప్పకుండా. సాఫ్ట్‌వేర్ వెర్షను మారినా, సర్వర్ మారినా మధ్యలో ఇంకోటి. రాన్సమ్‌వేర్ లాంటిది పడితే 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) తెలియజెయ్యాలని 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఉంది, ఆ మెయిల్ ఐడీ కూడా ప్రింటు తీసిన కాగితం మీదే రాసుకోండి.

డ్రిల్లు అయ్యాక లేపిన మెషిన్లని తీసెయ్యడం మర్చిపోవద్దు. ఆదివారం లేపింది అట్టాగే వదిలేస్తే నెలాఖరు దాకా అద్దె నడుస్తానే ఉంటది, ఆ బిల్లు చూసి "క్లౌడ్ ఖరీదండీ" అని నాకే ఫోన్ చేస్తారు.